గుర్రం అసలు రంగు: పాత సైనిక చిత్రాన్ని ప్రింటుకు సిద్ధం చేసిన నా అనుభవం

ఆ గుర్రం ఏ రంగుది? ఈ పని మొత్తంలో నన్ను ఎక్కువగా ఆపిన ప్రశ్న ఇదే. గోడ మీద ఉన్న చిత్రాన్ని చూస్తే ఎవరైనా ముదురు గోధుమ రంగనే అంటారు. ఆ ఇంట్లో వాళ్ళూ మూడు తరాలుగా అలాగే చెప్పుకుంటున్నారు. కానీ కంప్యూటర్‌లో నేను ఒక్క గీత అటు ఇటు జరిపితే చాలు, గుర్రం రంగు మారిపోతుంది. మారిన ఆ రంగే ప్రింట్ల రూపంలో నాలుగిళ్ళకు వెళ్తుంది. రేపు మనవళ్ళకు అదే అసలు రంగైపోతుంది. అందుకే ఊహ మీద ఆధారపడదలుచుకోలేదు.

నాది సికింద్రాబాద్‌లో ఫొటో స్టూడియో. ఇల్లు గడిచేది పెళ్ళి ఆల్బమ్‌లతో, ప్రాణం పెట్టి చేసేది పాత ఫొటోలు, పాత చిత్రాలు బాగుచేసే పని. బొల్లారంలో ఉండే ఒక పెద్దాయన మా నాన్నకు పాత స్నేహితుడు. నేను ఆయన్ని చాచా అని పిలుస్తాను. వాళ్ళ తాతగారు నిజాం సంస్థానం గుర్రపు దళంలో, హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌లో సవారుగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే ఈ దళం ఈజిప్టు చేరింది. మొదట సూయజ్ కాలువ దగ్గర కాపలా, తర్వాత పాలస్తీనా. తిరిగొచ్చాక 1920లలో ఆయన వేయించుకున్న తైలవర్ణ చిత్రం ఇది. దౌడు తీస్తున్న గుర్రం మీద ఖాకీ కోటు, తలపాగా, భుజం మీదుగా తోలు తూటాల పటకా, చేతిలో బల్లెం. కింద ఎడమ మూలలో సంతకం ఉంది గానీ చెమ్మకు చెదిరి చదవడానికి రాదు.

"ఉన్నది ఒక్కటే చిత్రం బేటా. అమెరికాలో ఉన్న తమ్ముడు అడుగుతాడు, జెద్దాలో ఉన్నవాడు అడుగుతాడు, నిజామాబాద్‌లో చెల్లెలు అడుగుతుంది. దీన్ని ముక్కలు చెయ్యలేం కదా. మంచి ప్రింట్లు తీసి అందరికీ పంపుదాం" అన్నారు చాచా.

కాన్వాస్ 30 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. పైన పూసిన వార్నిష్ తేనె రంగులోకి మారింది. దాని మీద ఏళ్ళ తరబడి ఊదు పొగ, వంటింటి మసి. ఆకాశం నిండా సన్నటి పగుళ్ళు. గోడకు చెమ్మ ఎక్కిన కాలంలో కింది అంచున రంగు పెచ్చులూడి తెల్లటి పూత బయటపడింది. ఆ పెచ్చులతో పాటే గుర్రం వెనక గిట్ట ఒకటి పూర్తిగా పోయింది. కుడి పక్కన పైనుంచి కిందికి వార్నిష్ కారిన చారలు.

నేను వెళ్ళేసరికి చాచా కోడలు తడిగుడ్డతో ఒక మూల తుడవబోతోంది, ఫొటో బాగా వస్తుందని. గబుక్కున ఆపాను. ఈ మాట గట్టిగా చెప్పాలి. పాత తైలవర్ణ చిత్రాన్ని తడిగుడ్డతో తుడవకూడదు. కోసిన బంగాళాదుంపతో రుద్దకూడదు. మెరుపు రావాలని నూనె పూయకూడదు. పగుళ్ళలోకి నీరు దిగితే పెచ్చులు లేచిపోతాయి. నూనె దుమ్మును పట్టుకుని ఇంకా నల్లబడుతుంది. అసలు చిత్రాన్ని శుభ్రం చెయ్యాలంటే అది చదువుకున్న కన్సర్వేటర్లకు, అంటే పాత కళాఖండాలను కాపాడే నిపుణులకు అప్పగించాలి. మన దగ్గర సాలార్‌జంగ్ మ్యూజియంలో అలాంటి ప్రయోగశాల ఉంది, సలహాకైనా అలాంటి చోటికి వెళ్ళడం మేలు. నా పని అసలు జోలికి పోకుండా దాని ఫొటో మీద చేసేది. నేను ఎంత మార్చినా అసలుకు గీత పడదు. డిజిటల్ పనిలో నాకు నచ్చేది ఇదే.

చిత్రాన్ని స్టూడియోకు ఆటోలోనో కారులోనో తేవడం నాకు ఇష్టం లేక సామాను వాళ్ళ హాల్లోకే తీసుకెళ్ళాను. ముందుగా చాచా అనుమతితో ఫ్రేము విప్పాను. వెనక చిన్న మేకులు ఒక్కొక్కటే మెల్లగా వంచి, కాన్వాస్‌కు అట్ట అడ్డం పెట్టి బయటికి తీశాం. ఫ్రేము పెదవి కింద దాక్కున్న అంచు బయటపడగానే నాకు చాలాసేపు మాట రాలేదు. చుట్టూ అర అంగుళం లోపు పట్టీ. వార్నిష్‌ను చిత్రం ఫ్రేములో ఉండగానే పూసినట్టున్నారు, స్కేలు పెట్టి గీసినట్టు ఆ పట్టీ దగ్గర ఆగిపోయింది. పొగ తగలలేదు, ఎండ తగలలేదు. చిత్రంలో ఆకుపచ్చగా కనిపించే ఆకాశం ఆ పట్టీలో లేత నీలం. అంతకంటే ముఖ్యం, గుర్రం తోక చివరి వెంట్రుకలు కొన్ని ఎడమ పక్క ఆ పట్టీలోకి వచ్చాయి. ఆ వెంట్రుకలు బూడిద కలిసిన తెలుపు.

"తాత గుర్రం కుమైత్ అని అబ్బా చెప్పేవారు" అన్నారు చాచా. అబ్బా అంటే వాళ్ళ నాన్న. కుమైత్ అంటే గోధుమ ఒళ్ళు, నల్ల జూలు, నల్ల తోక. పట్టీలో కనిపించిన తోక మాత్రం అలాంటి గుర్రానిది కాదు. అప్పుడే ఆయనతో ఏమీ అనలేదు. ఒక్క అంచును చూసి తేల్చే విషయం కాదిది.

ఫొటో తీసే పనికి సగం రోజు పైనే పట్టింది. ఇలాంటి చిత్రాన్ని మొబైల్‌తో తీస్తే వార్నిష్ మెరుపే వస్తుంది, కింద రంగు రాదు. నేను రెండు లైట్లను చెరో పక్క 45 డిగ్రీల కోణంలో పెట్టి, వాటి ముందు పోలరైజింగ్ ఫిల్మ్, అంటే ఒకే దిశలో కంపించే కాంతినే వదిలే పొర, బిగించాను. లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్. లెన్స్ మీది ఫిల్టర్‌ను తిప్పుతూ ఉంటే ఒక చోట మెరుపు మొత్తం మాయమైపోతుంది. ఆ క్షణం ఎప్పుడు చూసినా నాకు ఆనందమే. అప్పటిదాకా అద్దంలా మెరిసిన చోట గుర్రం మెడ నరాలు కనిపించాయి. దీనివల్ల కెమెరాకు అందే వెలుతురు బాగా తగ్గిపోతుంది, కాబట్టి స్టాండ్ మీద పెట్టి ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే మోతాదు, 100 దాటించలేదు.

ఇందులో ఒక చిక్కుంది. మెరుపుతో పాటు కుంచె ఎత్తుపల్లాల మీది వెలుగు కూడా పోయి చిత్రం చప్పగా కనిపిస్తుంది. అందుకని ఫిల్టర్‌ను కాస్త వెనక్కి తిప్పి రెండో సెట్ తీశాను. తర్వాత దాన్ని మొదటి సెట్ మీద చాలా పల్చగా కలిపితే జూలు మీద, తలపాగా మడతల మీద మందంగా వేసిన రంగు మళ్ళీ లేచి నిలబడింది.

కెమెరా చిత్రానికి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూడటానికి ఒక చిన్న ఉపాయం. కాన్వాస్ ఉన్న తలానికి సమంగా, నడిమధ్యలో చిన్న అద్దం పట్టుకుని వ్యూఫైండర్‌లో చూడాలి. ఆ అద్దంలో మన లెన్స్ మధ్యలో కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. కాన్వాస్‌కు అద్దం తగలనివ్వకుండా చాచా మనవడు రెండు చేతులతో పట్టుకున్నాడు.

నా కెమెరా 24 మెగాపిక్సెళ్ళది, అంటే 6000 × 4000. అసలు సైజులోనే ప్రింటు కావాలన్నారు కాబట్టి అంగుళానికి 300 పిక్సెళ్ళు ఎలాగూ ఉండాలి, బాగుచేసే పనికి 400 ఉంటే హాయి. అందుకే చిత్రాన్ని మూడు వరుసలుగా, వరుసకు మూడు ముక్కలుగా తీసి కంప్యూటర్‌లో అతికాను. మొత్తం 12000 × 9600 పిక్సెళ్ళ ఫైలు తయారైంది. ముక్కల మధ్య వెలుతురు తేడా రాకుండా, చిత్రం తీసేశాక అదే చోట మెరుపులేని తెల్లటి అట్ట పెట్టి అదే వరుసలో మళ్ళీ ఫొటోలు తీశాను. లైటు ఎక్కడ ఎక్కువ పడిందో, ఎక్కడ తక్కువ పడిందో ఆ తెల్ల అట్ట చెప్పేస్తుంది. ఆ లెక్కతో చిత్రాన్ని సరిచేస్తే అతుకు కనిపించదు. 24 గళ్ళ కలర్ చార్ట్‌ను కూడా అదే లైటులో తీసుకున్నాను. అది లేకపోతే తర్వాత రంగుల మీద వాదించడానికి మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

చివరగా హాల్లో లైట్లన్నీ ఆపి, కర్టెన్లు దించి, 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చి వేశాను. కళ్ళకు అద్దాలు పెట్టుకునే. చెట్ల నుంచి తీసిన జిగురుతో చేసే పాత వార్నిష్ ఈ వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తుంది. దాని మీద తర్వాత ఎవరైనా రంగు వేసి ఉంటే ఆ చోటు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. గుర్రం భుజం నుంచి పొట్ట దాకా అలాంటి పెద్ద మచ్చ ఉంది. ఎప్పుడో అక్కడ రంగు ఊడితే, అప్పటికే పసుపెక్కిన చిత్రానికి సరిపోయేలా గోధుమ రంగు కలిపి పూసేశారన్నమాట. తర్వాత ఆ పూత తనంతట తాను ఇంకా నల్లబడింది. చూసేవాళ్ళ కళ్ళు ముందుగా పడేది సరిగ్గా అక్కడే. ఇంటిల్లిపాదీ గోధుమ గుర్రం అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

స్టూడియోకు వచ్చి రంగు పని మొదలుపెట్టాను. పసుపెక్కిన వార్నిష్ నీలి కాంతిని మింగేస్తుంది. అందుకే తెలుపు తేనె రంగౌతుంది, నీలం ఆకుపచ్చ అవుతుంది. పైగా పాతబడిన వార్నిష్ మబ్బుపట్టి ఉంటుంది కాబట్టి నలుపు నలుపుగా ఉండదు, పల్చబడి గోధుమలోకి జారుతుంది. ఫోటోషాప్‌లో ఒక్కో ఛానెల్‌నూ, అంటే ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను, విడిగా తెరిచి చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. ఎరుపు ఛానెల్ శుభ్రంగా ఉంది. ఆకుపచ్చది ఫరవాలేదు. నీలం ఛానెల్‌లో సగం చిత్రం చీకట్లో ఉంది. అందుకే ఒక్కో రంగుకు ఎక్కువ ఛాయలు దాచుకునే 16 బిట్ల ఫైలులో తప్ప ఈ పని పెట్టుకోకూడదు. చీకట్లో ఉన్న ఛానెల్‌ను పైకి లాగితే 8 బిట్ల ఫైలులో ఆకాశం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది.

ఎంత లాగాలి? దీనికి నా కంటిని నమ్మలేదు. ఫ్రేము కింది పట్టీలో ఆకాశం ఉంది కదా, దాని పక్కనే వార్నిష్ కింద అదే ఆకాశం ఉంది. చిత్రకారుడు ఒకే కుంచె దెబ్బతో రెండింటినీ దాటాడు. ఆ దెబ్బలో పట్టీ లోపలి రంగు విలువ, బయటి విలువ తీసుకుని, బయటిది లోపలిదానితో కలిసేదాకా కర్వ్‌ను, అంటే రంగుల వెలుగును పెంచి తగ్గించే గీతను, జరిపాను. చుట్టూ నాలుగు పక్కలా వేర్వేరు చోట్ల అలా చూసుకున్నాను. వార్నిష్ అంతటా ఒకే మందంలో లేదు. కుడి పక్క చారల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ. కాబట్టి ఒకే కర్వ్‌తో సరిపెట్టకుండా మార్పు ఎక్కడ ఎంత పడాలో చెప్పే మాస్కులను మెత్తటి బ్రష్‌తో గీసుకుంటూ ఒక్కో చోటికి ఒక్కో మోతాదు ఇచ్చాను.

ఖాకీ కోటు దగ్గర చెయ్యి చాలా నెమ్మదిగా కదలాల్సి వచ్చింది. ఖాకీ తనంతట తానే పసుపు కలిసిన రంగు. వార్నిష్ పసుపు ఏదో, గుడ్డ పసుపు ఏదో తేడా తెలియకుండా తీసేస్తే కోటు సిమెంటు రంగుకు వస్తుంది. ఇంటర్నెట్‌లో 'రీస్టోర్' చేశామని పెట్టే పాత సైనిక చిత్రాలు చాలావాటిలో ఇదే చూస్తాం. తెలుపు సున్నంలా, ఆకాశం ప్లాస్టిక్ కుర్చీ నీలంలా ఉంటాయి. నూనె రంగుల్లో తెలుపుకు వయసుతో వచ్చే కాస్త వెచ్చదనం ఉంటుంది. దాన్ని ఉంచాను.

ఇక గుర్రం. కర్వ్ జరిగేకొద్దీ గోధుమ రంగు వెనక్కి వెళ్ళి లోపలి నుంచి బూడిద తేలింది. భుజం మీది పాత పూత మాత్రం గోధుమగానే మిగిలి ఎబ్బెట్టుగా కనిపించింది, అంటే యూవీ టార్చి చెప్పినదే నిజం. తొడ మీద గుండ్రటి లేత మచ్చలు బయటపడ్డాయి. బూడిద రంగు గుర్రాల ఒంటి మీద సరిగ్గా అలాంటివే వస్తాయి. అవి పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి, వయసు పెరిగేకొద్దీ తెల్లబడతాయి. ఆ మార్పు నడిమధ్యలో ఉన్న గుర్రానికి ఈ మచ్చలు అందం. మూతి దగ్గర చిత్రకారుడు పలక రంగు వేశాడు. వెంట్రుక తెల్లబడినా బూడిద గుర్రాల చర్మం నల్లగానే ఉంటుంది కాబట్టి అదీ సరిపోయింది. తోక, తొడ, మూతి, మూడూ ఒకే మాట చెప్పాక నాకు ఇక అనుమానం మిగల్లేదు.

చాచాను స్టూడియోకు పిలిచి పెద్ద తెర మీద చూపించాను. పట్టీలోని తోకను పెద్దది చేసి చూపించాను, యూవీ ఫొటో చూపించాను. చాలాసేపు దగ్గరికి వంగి చూశారు. "మరి అబ్బా కుమైత్ అన్నది?" అన్నారు. సర్వీసులో ఉన్న సవారు ఒకే గుర్రం మీద ఉండాలని లేదు కదా చాచా, ఆయన చెప్పిన గుర్రం ఇంకొకటి కావచ్చు, ఈ చిత్రంలో ఉన్నది మాత్రం ఇదీ అన్నాను. తల ఊపారు. ఫోన్ తీసి తమ్ముడికి వీడియో కాల్ చేసి తెర మీది గుర్రాన్ని చూపించడం మొదలుపెట్టారు.

పగుళ్ళ పని ఓపిక పని. అన్నిటినీ తీసెయ్యాలా అన్నది ముందు తేల్చుకోవాలి. అన్నీ తీసేస్తే చిత్రం పోస్టర్ అయిపోతుంది. అన్నీ ఉంచితే ప్రింటులో మురికి గీతల్లా కనిపిస్తాయి, ఎందుకంటే అసలులో పగులుకు లోతు ఉంటుంది, కాగితం మీద అది ఉత్త గీత. నేను పెట్టుకున్న లెక్క ఇది: ముఖం, చేతులు, గుర్రం తల మీద పగుళ్ళు మూసెయ్యాలి. ఆకాశంలో, నేల మీద మసి పట్టి నల్లగా ఉన్నవాటిని పల్చబరచాలి, ఆనవాలు మిగలాలి. ఇదంతా ఫొటో మీద పరిచిన పారదర్శక పొర లాంటి ఖాళీ లేయర్ మీద, మచ్చలు పూడ్చే హీలింగ్ బ్రష్‌తో చేశాను, కింది ఫొటోను ఎప్పుడైనా తెరిచి చూసుకునేలా.

మచ్చలు, గీతలు ఒక్క దెబ్బకు తీసేసే ఫిల్టర్లు ఉన్నాయి. వాటిని చిత్రం మొత్తం మీద వదలకూడదని ఎందుకంటానో బల్లెం దగ్గర చూస్తే అర్థమౌతుంది. ఆ కాలపు భారతీయ అశ్వికదళంలో బల్లేనికి వెదురు కర్ర వాడేవారు. చిత్రకారుడు వెదురు కణుపులు ఒక్కొక్కటీ వేశాడు. కర్రకు అడ్డంగా సన్నటి ముదురు గీత, దాని కింద వెంట్రుకవాసి వెలుగు. ఫిల్టర్ దృష్టిలో కణుపూ పగులే. పరీక్షకు ఒక కాపీ మీద నడిపి చూస్తే కణుపులన్నీ నున్నగా పోయి వెదురు కాస్తా ఇనుప గొట్టంలా తయారైంది. అసలు ఫైలులో బల్లెం మొత్తానికీ మాస్కు గీసి, దాని మీది పగుళ్ళను 200 శాతం జూమ్‌లో ఒక్కొక్కటిగా తీశాను. కణుపును, పగులును విడదీసి చూడటానికి గుర్తు ఒకటే. కణుపు కర్ర అంచు దగ్గర ఆగిపోతుంది, పగులు కర్రను దాటి ఆకాశంలోకి సాగుతుంది.

పోయిన గిట్ట సంగతికొస్తే, ముందు గుర్రం పరుగు గురించి చెప్పాలి. ఈ చిత్రంలో గుర్రం ముందు కాళ్ళు రెండూ ముందుకు, వెనక కాళ్ళు రెండూ వెనక్కి చాచి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. నిజంగా ఏ గుర్రమూ అలా పరిగెత్తదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి తీసిన ఫొటోలతో ఆ విషయం తేలింది. నాలుగు కాళ్ళూ నేల వదిలే క్షణం ఉంది, కానీ అప్పుడు కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. అంతకు ముందు చిత్రకారులు చాచిన కాళ్ళే వేసేవారు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ గుర్రపు పందెం చిత్రంలో గుర్రాలన్నీ అలాగే ఎగురుతుంటాయి. మన చిత్రకారుడు మైబ్రిడ్జ్ తర్వాత నలభై ఏళ్ళకు పైగా గడిచాక కూడా పాత పద్ధతే పట్టుకున్నాడు. వేగం చూపించాలంటే ఆయనకు తెలిసిన దారి అది. దాన్ని సరిదిద్దే హక్కు నాకు లేదు. ఊడిన గిట్ట కోసం నిజం గుర్రం ఫొటో తెచ్చి అతికిస్తే ఆ కాలు మిగతా మూడింటితో కలవదు.

చిత్రంలో మిగిలినదాన్నే ఆధారం చేసుకున్నాను. రెండో వెనక గిట్ట బాగానే ఉంది. దాన్ని కాపీ చేసి తిప్పి పెట్టేస్తే అయిదు నిమిషాల పని. కానీ వెలుగు ఎడమ నుంచి వస్తోంది, తిప్పితే నీడ తప్పు పక్క పడుతుంది. పైగా ఊడినది దూరపు కాలిది కాబట్టి చిత్రకారుడు దాన్ని కాస్త ముదురుగా, అంచులు మెత్తగా వేసి ఉంటాడు. ఊడిన చోట కాన్వాస్ నేత మధ్య రంగు చుక్కలు కొన్ని మిగిలాయి. వాటిని చెరపకుండా ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతే గిట్ట పై అంచు వంపు దొరికింది. ఆ వంపు మీద, పక్క గిట్ట నుంచి తీసుకున్న రంగులతో, పెన్ టాబ్లెట్ మీద చిన్న చిన్న దెబ్బలతో గిట్ట వేశాను. పక్క గిట్టకు లాడం మెరుపు ఉంది. దీనికీ ఉండి ఉండొచ్చు. మిగిలిన చుక్కల్లో ఆ ఆనవాలు కనిపించలేదు కాబట్టి వెయ్యలేదు. నేను కొత్తగా వేసిన భాగాలన్నీ వేరే లేయర్‌లో, పేరు పెట్టి ఉంచాను.

ఎఐతో చేసేస్తే ఇంత కష్టం ఎందుకని అడిగేవాళ్ళు చాలామంది. వాడకూడదని నేను అనను. ఆకాశంలో కారిన చార వెనక ఖాళీ నింపడానికి అది చక్కగా పనికొచ్చింది. ముఖం మీద మాత్రం వాడను. కాపీ మీద ప్రయత్నిస్తే గడ్డం దువ్వినట్టు సర్దేసింది, కనుబొమ్మలు దిద్దింది, ముఖం పదేళ్ళు చిన్నదైంది. ఎవరో అందమైన కుర్రాడు తయారయ్యాడు గానీ చాచా వాళ్ళ తాత కాదు. అసలు చిత్రంలో ఆ కన్ను ఎంతో తెలుసా? నాలుగైదు కుంచె దెబ్బలు. ఒక నల్ల గీత, దాని కింద గోధుమ చుక్క, ఆ చుక్క అంచున గుండుసూది తలంత తెలుపు. ఆ తెలుపు మీద మసి చేరి చూపు ఆరిపోయినట్టు ఉంది. మసి వరకే తీశాను, కన్నుకు ప్రాణం వచ్చింది. కొత్తగా ఒక్క పిక్సెల్ కూడా గీయలేదు.

ప్రింటు కింద ఏం రాయాలన్న దాని మీద ఇంట్లో చర్చ నడిచింది. 'హైఫా యుద్ధంలో మా ముత్తాత' అని రాయాలని పిల్లల కోరిక. 1918 సెప్టెంబర్ 23న ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా పట్టణాన్ని గుర్రాల మీద దూకి పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ దళం అదే 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లోది, అదే పాలస్తీనా పోరులో ఉంది. ఢిల్లీలో 1922లో కట్టిన తీన్ మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ సైనికులకు గుర్తుగా పెట్టినవే. ఆ స్మారకం ఉన్న కూడలి పేరులో 2018లో హైఫా కూడా చేరింది కాబట్టి అందరికీ అదే గుర్తుంటుంది. చాచా మనవరాలికి ఇదంతా వివరంగా చెప్పాను. దాడిలో లేనంత మాత్రాన ఆయన గౌరవం ఏం తగ్గుతుంది? నాలుగేళ్ళు ఎడారిలో గుర్రానికి నీళ్ళు వెతుక్కుంటూ బతికి వచ్చిన దళం అది. చివరికి ఆ అమ్మాయే రాసింది: 'హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్ సవారు. 1920ల తైలవర్ణ చిత్రానికి డిజిటల్‌గా బాగుచేసిన ప్రతి.' వెనక వైపు, కొత్తగా వేసిన భాగాలు ఏవో రెండు వరుసల్లో రాయించాను.

కాగితం విషయంలో కాన్వాస్ ప్రింటు కావాలని వాళ్ళు, వద్దని నేను. ఫైలులో అసలు కాన్వాస్ నేత కనిపిస్తోంది, దాన్ని మళ్ళీ నేత ఉన్న కాన్వాస్ మీద వేస్తే రెండు నేతలూ ఒకదాని మీద ఒకటి పడి కళ్ళు తిరుగుతాయి. నూరు శాతం కాటన్ కాగితం, 308 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 308 గ్రాముల) బరువు, పిగ్మెంట్ ఇంకు తీసుకున్నాం. ఇలాంటి మెరుపులేని కాగితం మీద నలుపు తెర మీద ఉన్నంత లోతుగా దిగదు. నీడలు ముద్దకడతాయి. కాబట్టి ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌ను ఆ కాగితం ప్రొఫైల్‌తో పెట్టుకుని, గుర్రం పొట్ట కింద, జీను మడతల్లో నీడలను కాస్త తెరిచాను. పూర్తి ప్రింటు వేయించే ముందు మూడు చోట్ల నుంచి చిన్న నమూనా పట్టీలు వేయించాను: ముఖం, తొడ మీది మచ్చలు, కింది చీకటి నేల. ప్రింటును ల్యాబ్ ట్యూబ్‌లైటు కింద చూసి ఒప్పుకోకూడదు. ఉదయం కిటికీ వెలుతురులో ఒకసారి, ఇంట్లో వేలాడదీసే గోడ మీద రాత్రి బల్బు వెలుతురులో ఒకసారి చూడాలి. బూడిద రంగు మహా మోసకారి, ఏ మాత్రం తేడా ఉన్నా బల్బు కింద గులాబీలోకో ఆకుపచ్చలోకో జారిపోతుంది. మొదటి నమూనా పట్టీలో తొడ కాస్త గులాబీగా అనిపిస్తే మిడ్‌టోన్లలో (వెలుగుకూ నీడకూ మధ్య ఛాయల్లో) కొద్దిగా సవరించి మళ్ళీ వేయించాను.

అసలు సైజులో నాలుగు, సగం సైజులో మరికొన్ని వేయించారు. విదేశాలకు వెళ్ళేవాటిని మడవకుండా, లావు గొట్టంలో యాసిడ్ లేని పల్చటి కాగితం లోపల పెట్టి వదులుగా చుట్టాను. అందుకున్నవాళ్ళు ఫ్రేము కట్టించేటప్పుడు చూసుకోవాల్సినవి కూడా రాసి పెట్టాను. ప్రింటు అద్దానికి అంటకూడదు, మధ్యలో మౌంట్ (ప్రింటు చుట్టూ పెట్టే అట్ట చట్రం) ఉండాలి. వెనక మామూలు అట్ట వద్దు. నేరుగా ఎండ పడే గోడ వద్దు. చాచాకు హార్డ్ డిస్కులో మూడు ఫైళ్ళు ఇచ్చాను. మొదటిది ఏ మార్పూ చెయ్యని ఫొటో, రెండోది లేయర్లన్నీ ఉన్న పని ఫైలు, మూడోది ప్రింటు ఫైలు. రేపు ఎవరికైనా నేను వేసిన గిట్ట నచ్చకపోతే ఆ లేయర్ తీసేసి మళ్ళీ వేసుకోవచ్చు. అసలు చిత్రాన్ని ఇప్పుడు చెమ్మ లేని లోపలి గోడకు మార్చారు. కన్సర్వేటర్‌కు చూపించడానికి చాచా చిన్న కొడుకు వివరాలు కనుక్కుంటున్నాడు.